రాలేనన్నవారు: ఎవరూ లేరు

ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మ ఇవాళ మళ్ళీ ఆ కిటికీ కథ చెప్పింది. అమ్మమ్మ ఇంట్లో ఆదివారం భోజనం. బల్ల చుట్టూ తొమ్మిదిమందిమి, గొర్రె మాంసం ఇంకా కోయనైనా లేదు. "మా లౌరీకి అబద్ధం ఆడటం చేతకాదు. ఏడేళ్ళ పిల్ల, చర్చి కిటికీ అద్దం పగలగొట్టి, తనే పాస్టరు గారి దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి, నేనే కొట్టానండీ అని చెప్పింది. ఇలాంటిది లాయరు ఎలా అవుతుందో ఏంటో!" అందరూ నవ్వారు. అన్నయ్య గెథిన్ చేతిరుమాలు తలమీద విగ్గులా పరుచుకుని, "మిలార్డ్, ముద్దాయి నేరం ఒప్పేసుకుంది. బంగాళాదుంపలు ఇటు జరపమని కోర్టు వారి ఆదేశం" అన్నాడు.

పద్నాలుగేళ్ళుగా వింటున్నాను. ఆ రోజు పాస్టరు గారు గేటు దగ్గర నిలబడి నన్ను చూశారు. ఆయన చూశారని నేను చూశాను. ఆయన మా ఇంటికి రాకముందే నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. అంతే జరిగింది. ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. నేను ఎలాంటిదాన్నో మా ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు.

గురువారం జరిగిన మా లా విద్యార్థుల బార్ సొసైటీ కమిటీ మీటింగు మినిట్స్ ఇంకా టైపు చెయ్యలేదు. కమిటీలోని నా ప్రాణస్నేహితురాలు టెగ్వెన్ రాలేదు. రాలేనని ఆ పొద్దున్నే లైబ్రరీ మెట్ల మీద నాకు చెప్పింది. వాళ్ళ తాతయ్య డయాలసిస్ మంగళ, గురు, శనివారాలకు మార్చారు. కొండ మీది ఊరి నుంచి ఆయన్ని కారులో దింపుకొచ్చేది ఇదొక్కతే. "కారణం కమిటీలో చెప్పకే లౌ. పియర్స్ మొహంలో జాలి వస్తే నేను చూడలేను. రాలేనంది అని మాత్రం రాసెయ్" అంది.

ఫిబ్రవరి 10

మినిట్స్ టైపు చేసి పంపేశాను. పంపాక చూసుకుంటే "రాలేనన్నవారు" అన్నచోట "ఎవరూ లేరు" అని ఉంది. పాత ఫైలు మీదే టైపు చేశాను, ఆ మాట అందులో ముందే ఉంది. వచ్చే మీటింగులో సరిచెయ్యాలి.

ఫిబ్రవరి 12, బుధవారం

స్టూడెంట్స్ యూనియన్ వాళ్ళకు మా నియమావళి ప్రతులు ఆరు కావాలట. ప్రింటరు దగ్గర నిలబడి మళ్ళీ చదువుకున్నాను. పోయిన వేసవిలో ప్రతి సంఘమూ నియమాలు కొత్తగా రాసివ్వాలని యూనియన్ పట్టుబట్టినప్పుడు, బారిస్టర్లం కాబోతున్నామని చెప్పుకు తిరిగే మా అరవైమందిలో ఒక్కరూ ముందుకు రాలేదు. పద్నాలుగు పేజీలు. మార్కెట్లో అమ్మ కొట్టు వెనక, సముద్రపు గుల్లలు ఉడికే ఆవిరిలో కూర్చుని రాశాను. ఇప్పటికీ ఆ మొదటి ప్రతికి ఆ వాసన పోలేదు.

అన్నిట్లోకీ 9(4) నాకు ఇష్టం. "ముందుగా కార్యదర్శికి తెలియజేయకుండా వరుసగా మూడు కమిటీ సమావేశాలకు హాజరు కానివారి పదవి ఖాళీ అయినట్లు భావించాలి." అంతకుముందు ఏడాది కోశాధికారి గెలిచిన రోజు ఫొటో దిగి, మళ్ళీ మొహం చూపించలేదు. అతని కోసం రాసినది. మొదట "రాతపూర్వకంగా తెలియజేయకుండా" అని రాశాను. టెగ్వెన్ చదివి ఆ ఒక్క మాట కొట్టేయించింది. "మా ఊళ్ళో ఫోను పలకాలంటే గొర్రెల దొడ్డి గోడ ఎక్కాలి. నోటితో చెబితే చాలదా ఏంటే, మనుషులమే కదా" అంది. పద్నాలుగు పేజీల్లో ఆమె చెయ్యి పడింది అక్కడొక్కచోటే.

12 కూడా నాదే. ఊళ్ళో పేరున్న బారిస్టర్ల ఛాంబర్స్ వాళ్ళు ఏటా ఈస్టర్ ముందు ఒక వారం మా సంఘం నుంచి ఒకరిని తమ వెంట కోర్టుకు తిప్పుకుంటారు. ఆ ఒకరు ఎవరన్నది ఏటా గొడవే. అందుకని, మూట్ కోర్టు వాదనల పోటీలు నడిపే ఇన్‌ఛార్జే వెళ్ళాలని రాశాను. రాసేటప్పుడు ఆ ఇన్‌ఛార్జిని నేనే అవుతానని నా నమ్మకం. నియమాల పనితో అక్టోబరుకు జరిగిన ఎన్నికల్లో టెగ్వెన్ నాలుగు ఓట్ల తేడాతో గెలిచింది. నేను కార్యదర్శినయ్యాను. ఆ పనికి పోటీ ఎవరూ రాలేదు. ఎవరొస్తారు?

ఇదంతా ఇవాళ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఫిబ్రవరి 20, గురువారం

మధ్యాహ్నం టెగ్వెన్ ఫోను. "లౌ, ఇవాళ కూడా కుదరదే. పేరు రాసెయ్." వెనక వాళ్ళ తాతయ్య కారు కిటికీ తెరవమని ఎవరితోనో పోట్లాడుతున్నారు. "సరే" అన్నాను.

ఐదింటికి మీటింగు. మా అధ్యక్షుడు పియర్స్ ఫిబ్రవరి చలిలో కూడా వెయిస్టుకోటు మీదే తిరుగుతాడు, కోటు వేసుకుంటే అది కనబడదని. మమ్మల్నందరినీ "విజ్ఞులైన నా మిత్రులారా" అంటాడు, చాయ్ అడగడానికి కూడా. ఇవాళ జేబులోంచి ఉత్తరం తీసి, గొంతు సవరించుకుని, ఈసారి ఛాంబర్స్ తరఫున మాలో ఒకరిని వెంట తిప్పుకునేది డెలిత్ పార్సల్ అని చెప్పాడు.

డెలిత్ పార్సల్. నాకు పదిహేడేళ్ళప్పుడు, పంటి డాక్టరు దగ్గరికని అమ్మకు చెప్పి, కోర్టులో జనం కూర్చునే బెంచీ మీద మూడు గంటలు కూర్చుని ఆవిడ వాదన విన్నాను. నేను బారిస్టర్ని కావాలనుకున్నది ఆ బెంచీ మీదే.

"రాలేనన్నవారు?" అని పియర్స్ అడిగాడు. నేను పెన్ను మూత వెతుక్కుంటున్నాను. అతను కాస్త ఆగి, తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు. పోయినసారి మినిట్స్ ఆమోదం కూడా అయిపోయింది. సరిచెయ్యాల్సిన సంగతి గుర్తు రాలేదు.

ఫిబ్రవరి 21

గుర్తు రాలేదు.

ఫిబ్రవరి 22

గుర్తొచ్చింది. పెన్ను మూత నా చేతిలోనే ఉంది.

మార్చి 1, శనివారం

మా వేల్స్ వాళ్ళ సెయింట్ డేవిడ్ పండుగ. మార్కెట్ అంతా పసుపుపచ్చ డాఫొడిల్ పూలే. అమ్మ ఏటా లాగే నల్ల పొడుగు టోపీ, ఎర్ర శాలువా వేసుకుని కొట్లో నిలబడింది. ఫొటో తీసుకునేవాళ్ళంతా తలో కప్పు గుల్లలు కొనక తప్పదని తన లెక్క. నేను మిరియాల పొడి, వెనిగర్ అందిస్తున్నాను. అప్పుడొచ్చింది టెగ్వెన్.

"ఏమ్మా, మా కొట్టుకి దారే మర్చిపోయావు?" అంది అమ్మ.

"లేదాంటీ, తాతయ్య ఆస్పత్రిలో ఉన్నారు. నాలుగు గంటల పని. పక్కన నేను కూర్చుంటే నర్సుతో కబుర్లకి అడ్డమట, తరిమేశారు."

"ఆయనకివి ఇష్టం కదే, పట్టుకెళ్ళు."

"ఒక్క గుప్పెడే ఆంటీ. ఉప్పు బాగా కడిగెయ్యండి. డాక్టరుకి తెలిసిందంటే వీటి బదులు నన్ను ఉడకేస్తాడు."

అమ్మ రెండింతలు కట్టింది. టెగ్వెన్ ఆ పొట్లం పట్టుకుని నావైపు తిరిగి, "లౌ, వచ్చే గురువారం కూడా రాలేను. మూడోసారి అవుతుంది, తెలుసు. నీ తొమ్మిదో నియమం నన్ను మింగకుండా చూడవే తల్లీ" అంది.

"మింగదులే. రాస్తాను."

"అది రాయకుండా ఉంటుందా? చిన్నప్పుడు ఇంట్లో ఎవరు ఎన్ని బిస్కట్లు తిన్నారో కూడా రాసిపెట్టేది" అంది అమ్మ.

టెగ్వెన్ నవ్వుతూ, వెళ్ళబోయే ముందు ఒక డాఫొడిల్ నా కాలరుకు గుచ్చింది.

రాస్తాను అన్నప్పుడు రాద్దామనే అనుకున్నాను. ఇది మాత్రం నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను.

మార్చి 6, గురువారం

మినిట్స్ నేనే పైకి చదివాను. "రాలేనన్నవారు: ఎవరూ లేరు."

కోశాధికారి ఐవర్ బుర్ర గోక్కుంటూ, "టెగ్వెన్‌కి ఇది మూడోసారి కదూ?" అన్నాడు. అతను అంటాడని నాకు తెలుసు. అతను అన్నీ వేళ్ళ మీద లెక్కపెడతాడు. అయినా నేను ముందు ఆ మాట ఎత్తలేదు. అది రాసిపెట్టుకోవాలి.

పియర్స్ నియమావళి తెరిచాడు. వెయిస్టుకోటు సర్దుకున్నాడు. "మేడమ్ సెక్రటరీ, ఆమె మీకు ముందుగా తెలియజేసిందా?"

"రికార్డులో ఏమీ లేదు" అన్నాను.

నా గొంతు చాలా బాగుంది. తొందర లేకుండా, ప్రతి మాటా విడివిడిగా, కోర్టులో ఎలా మాట్లాడాలని నేర్చుకున్నామో అలాగే వచ్చింది.

"పోనీ ఒక్క ఫోను కొట్టి కనుక్కుంటే పోలా? పాపం" అన్నాడు ఐవర్.

"ఫోను కొట్టి కనుక్కోవాలని నియమంలో ఉందా?" అని పియర్స్ నన్నే అడిగాడు.

"లేదు."

"చూశారా? ప్రాణస్నేహితురాలి విషయంలో కూడా మన సెక్రటరీ వెంట్రుకవాసి పక్కకు జరగదు. విజ్ఞులైన మిత్రులారా, నేర్చుకోండి." అందరూ బల్ల మీద వేళ్ళతో తట్టారు. మా సంఘంలో చప్పట్లంటే అవే.

9(5) ప్రకారం, ఖాళీ అయిన పదవిని సాధారణ సభ జరిగేదాకా కార్యదర్శి చూసుకోవాలి. 12 ప్రకారం, ఛాంబర్స్‌కి వెళ్ళేది ఆ పదవిలో ఉన్న మనిషి. రెండూ నేనే చదివి వినిపించాను. చదవమన్నారు మరి.

మార్చి 7

నేను అబద్ధం ఆడలేదు. రికార్డులో లేదు అన్నాను. రికార్డులో లేదు.

మార్చి 8, శనివారం

టెగ్వెన్ ఫోను చేసింది. గొర్రెల దొడ్డి గోడ ఎక్కినట్టుంది, ఒకటే గాలి హోరు.

"ఈమెయిల్ వచ్చింది. కింద నీ పేరుంది" అంది.

"కమిటీ నిర్ణయం టెగ్. నాది కాదు."

"నీకు చెప్పానా, లేదా?"

"అంటే... రాతపూర్వకంగా ఉండి ఉంటే..."

ఆ మాట ఎవరు కొట్టేయించారో ఇద్దరికీ తెలుసు.

"సరేలే లౌ" అని పెట్టేసింది.

తిట్టలేదు. తిట్టి ఉంటే ఏదో ఒకటి వాదించేదాన్ని. నాకు వాదించడం వచ్చు.

మార్చి 15

పరీక్షలకు చదవాలి. ఆస్తి చట్టం ఏమీ ఎక్కడం లేదు.

మార్చి 19

మర్చిపోవడం నేరం కాదు. మొదటిసారి నిజంగానే మర్చిపోయాను.

మార్చి 20

మొదటిసారి.

ఏప్రిల్ 8, మంగళవారం

ఛాంబర్స్‌లో రెండో రోజు. డెలిత్ మేడమ్ దూరం నుంచి కనిపించినంత పొడవు లేదు. మెట్లెక్కితే ఆయాసపడుతుంది. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక ఉడికించిన గుడ్డు ఉంటుంది. నిన్న నా చేత మూడు ఫైళ్ళు మోయించి, నాలుగోది తనే మోసింది.

ఇవాళ కేసు ఒక బేకరీ ముసలాయనది. నలభై ఏళ్ళుగా నడుపుతున్న దుకాణం. యజమాని ఖాళీ చెయ్యమంటున్నాడు. అవతలి బారిస్టరు కుర్రాడు, కంగారులో కాగితాలు కింద పోసుకుంటున్నాడు. గంటలో మేము గెలిచేశామనే అనుకున్నాను. అప్పుడు డెలిత్ మేడమ్ లేచి, "కోర్టు వారి దృష్టికి ఒక తీర్పు తీసుకురావాలి. ఇది నా క్లయింటుకు అనుకూలం కాదు" అంటూ మూడు ప్రతులు తీసి, ఒకటి జడ్జికి, ఒకటి ఆ కుర్రాడికి ఇచ్చింది. అతను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. అతనికది దొరకలేదు. అతని జన్మకి దొరికేది కాదు.

మేము ఓడిపోయాం.

ముసలాయన టోపీ పెట్టుకుని ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. ఇలా జరగొచ్చని ఆవిడ ముందురోజే చెప్పిందట. బయట బెంచీ మీద కూర్చుని చిప్స్ తింటున్నప్పుడు అడిగాను.

"ఎందుకిచ్చారు మేడమ్? అవతలి వాళ్ళకి తెలీదు కదా!"

బస్సు రోడ్డు మీదే ఎందుకు వెళ్తుందని అడిగినట్టు చూసింది నన్ను. కోపంగా కాదు. అర్థం కానట్టు. "మనకి వ్యతిరేకంగా తెలిసింది దాచుకుని కోర్టులో నిలబడితే ఇంకెందుకమ్మా నిలబడటం? తిను, చల్లారిపోతున్నాయి."

ఈ నియమం నాకు తెలుసు. రెండో సంవత్సరం పరీక్షలో దీని మీద ప్రశ్న వచ్చింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే.

ఏప్రిల్ 11, శుక్రవారం

వారం అయిపోయింది. డెలిత్ మేడమ్ నా గురించి ఉత్తరం రాసిచ్చింది. "సూక్ష్మమైన చూపు, నిజాయితీ గల మనిషి" అని ఉంది. నేను బారిస్టర్ల శిక్షణకు వెళ్ళాలంటే ముందు లండన్‌లో 'ఇన్' అనే పాతకాలపు బారిస్టర్ల సంఘాల్లో ఏదో ఒకదాంట్లో సభ్యత్వం దొరకాలి. ఆ దరఖాస్తుకి ఈ ఉత్తరం జతచెయ్యొచ్చంది. మడతపెట్టి నియమావళి మొదటి ప్రతిలో దాచాను. గుల్లల వాసన పట్టేసి ఉంటుంది ఈపాటికి.

ఏప్రిల్ 20, ఈస్టర్

అమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఆ కొండపిల్ల ఈమధ్య కొట్టుకే రావట్లేదేంటే? వాళ్ళ తాతకేమైనా అయిందా?"

"తెలీదు. పరీక్షలు కదా."

"ఆ రోజు మీటింగుకి రాలేనంది కదా, రాశావా?"

అందరూ బల్ల దగ్గరే ఉన్నారు. గెథిన్ నా పళ్ళెంలోంచి మాంసం ముక్క దొంగిలిస్తున్నాడు.

"రాశాను" అన్నాను.

"అదేం అడగడమమ్మా, రాయకుండా మన మిలార్డ్‌కి నిద్ర పడుతుందా?" అన్నాడు గెథిన్.

అమ్మ తలూపి పుదీనా చట్నీ అటు జరిపింది. నమ్మేసింది. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

అమ్మ సాక్షి. ఇన్నాళ్ళూ ఇది నాకు తట్టనే లేదు. తట్టలేదా?

ఏప్రిల్ 25, శుక్రవారం

వాళ్ళ ఊరికి వెళ్ళాను. బస్సు దిగి మైలున్నర ఎక్కాలి. నిన్న గురువారం, వెళ్తే ఇంట్లో ఉండరు. అంత ఆలోచించి మరీ వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. తాతయ్య పొయ్యి పక్కన కంబళి కప్పుకుని ఉన్నారు. మోచేతి దగ్గర కట్టు. "ఎవరది?"

"లౌరీనండీ, టెగ్వెన్ స్నేహితురాలిని."

"ఓ, అన్నీ రాసిపెట్టే అమ్మాయివి! మీ అమ్మ గుల్లలు భేషుగ్గా ఉంటాయమ్మా. ఉప్పొక్కటే ఉండదు."

టెగ్వెన్ పెరట్లో ఉంది. తల్లి వదిలేసిన గొర్రెపిల్లకి సీసాతో పాలు పడుతోంది. నన్ను చూసి సీసా దించలేదు.

"చెప్పు" అంది.

"మొదటిసారి నిజంగా మర్చిపోయానే."

"మూడుసార్లా?"

"ఒకసారి. మిగతా రెండుసార్లు కాదు."

పైకి అన్నది ఇదే మొదటిసారి. ఇక్కడ కూడా ఇప్పటిదాకా ఇలా రాయలేదు. వెనక్కి తిరగేసి చూశాను, నిజంగానే రాయలేదు.

"తెలుసు. ఎప్పుడు తెలిసిందో చెప్పనా? ఫోన్లో రాతపూర్వకంగా అన్నావే, అప్పుడు. నీకు గుర్తులేని రూలు నీ పుస్తకంలో లేదు."

"గురువారం సాధారణ సభలో మినిట్స్ సరిచేస్తాను. నీ పదవి నీకు..."

"అదే సభలో కొత్తవాళ్ళ ఎన్నిక. ఒక గంట ఇన్‌ఛార్జిని చేస్తావా నన్ను? ఉండు, గొర్రెలకి కూడా చెప్పొస్తా, మురిసిపోతాయి."

"డెలిత్ మేడమ్‌కి రాస్తాను. ఆ వారం నీకు ఇమ్మని..."

"ఛ! నువ్వు తుడుచుకున్న తువ్వాలు నాకెందుకే?" గొర్రెపిల్ల సీసా లాగేసుకుంది, మళ్ళీ సర్దింది. "ఈ ఏడాది నేను ఇన్‌కి దరఖాస్తు పెట్టట్లేదు."

"నా వల్లా?"

"చూశావా? అది కూడా నీ గురించే."

టెగ్వెన్ సీసా ఇంకాస్త పైకెత్తింది.

"సరిచేస్తావో మానేస్తావో నీ ఇష్టం లౌ. నేను ఆ సభకి రాను. తాతయ్య సంగతి ఒక్క ముక్క బయటికి పొక్కిందో, ఈసారి ఊరుకోను. ఇక నీ మనసు తేలిక చెయ్యడానికి మాత్రం నన్ను పిలవకు. నాకు చాలా పనుంది." సీసా ఖాళీ అయింది. "బస్సు ఇంకో గంటకి గానీ లేదు. లోపల కూర్చో, చలిగా ఉంది."

అని గట్టు దిగి వెళ్ళిపోయింది. ఆ గంటసేపూ తాతయ్య నాకు గొర్రెల పోటీలో తన కుక్క గెలిచిన వైనం చెప్పారు. మధ్యలో, "ఇది రాసుకోవట్లేదే?" అని నవ్వారు.

ఏప్రిల్ 26

క్షమించలేదు. క్షమించనని కూడా అనలేదు. నాకు ఏదో ఒకటి కావాల్సి వచ్చింది, అక్కడ ఏదీ దొరకలేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

ఇన్ దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాను. పేరు, పుట్టిన తేదీ, డిగ్రీ. నేరాలు ఉన్నాయా, లేవు. పరీక్షల్లో కాపీ కొట్టానా, లేదు. పదకొండో ప్రశ్న: "బారిస్టరు వృత్తికి మీరు తగినవారేనా అన్న సందేహం కలిగించగల విషయం ఇంకేదైనా ఉందా?"

"లేదు" అని నొక్కాను. తీసేశాను. మళ్ళీ నొక్కాను.

ఒక విద్యార్థి సంఘం మినిట్స్‌లో ఒక వరుస. మూడుసార్లు అదే వరుస. దీని గురించి లండన్‌లో ఎవరు అడుగుతారు? పియర్స్ నన్ను మెచ్చుకున్నాడు. ఐవర్ లెక్క సరిపోయింది. టెగ్వెన్ ఎవరికీ చెప్పదు, చెప్పేదైతే మార్చిలోనే చెప్పేది. అమ్మకు తను సాక్షినని తెలియదు.

ఈసారి గేటు దగ్గర ఎవరూ నిలబడి లేరు. ఎన్నిసార్లు తిరిగి చూసుకున్నా ఎవరూ లేరు.

ఏప్రిల్ 30

9(4) మళ్ళీ చదివాను. "కార్యదర్శికి తెలియజేయకుండా." తెలియజేసింది, మూడుసార్లూ. ఆమె పదవి ఒక్కరోజు కూడా ఖాళీ కాలేదు. ఆమె ఒక్క నియమం కూడా తప్పలేదు. 7(2) తప్పింది నేను: చెప్పినవారి పేరు కార్యదర్శి నమోదు చేయాలి. అది కూడా నేను రాసిందే. మంచి వాక్యం. ఎక్కడా సందు లేదు.

మే 1, గురువారం

పొద్దున మార్కెట్ తెరిచేవేళకు అమ్మ దగ్గరికి వెళ్ళాను. గుల్లలు కడుగుతోంది, చేతులు ఎర్రగా ఉన్నాయి. ముందు కిటికీ సంగతి చెప్పాను, పాస్టరు గారు చూశారని.

"పోవే, అప్పుడు నీకు ఏడేళ్ళు" అంది.

తర్వాత రెండోది చెప్పాను. కడగడం ఆపింది. "ఆ పిల్ల ఇదిగో, ఇక్కడ నిలబడి చెప్పింది. నా ఎదురుగా" అంది.

"అవును."

"ఈస్టర్ రోజున నేనడిగితే రాశానన్నావు."

"అవును."

ఒకావిడ వచ్చి రెండు కప్పులు అడిగింది. అమ్మ కొలిచి ఇచ్చింది, చిల్లర ఇచ్చింది, వాతావరణం గురించి ఒక మాట అంది. నావైపు చూడలేదు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

ఐదింటికి సాధారణ సభ. మూడు మీటింగుల మినిట్స్‌లో మూడుచోట్ల "ఎవరూ లేరు" కొట్టేసి టెగ్వెన్ ప్రోథెరో అని రాశాను. అందరి ముందూ చదువుతాను. ఆమె మూడుసార్లూ నాకు చెప్పిందని, మొదటిసారి మర్చిపోయినా తర్వాత రెండుసార్లూ నేను కావాలనే రాయడం మానేశానని అంటాను. ఆమె ఎందుకు రాలేదో చెప్పను. పియర్స్ అడిగినా చెప్పను. కార్యదర్శి పదవికి రాజీనామా కాగితం ఫైల్లో పెట్టాను. డెలిత్ మేడమ్ ఉత్తరాన్ని ఆవిడకే తిప్పి పంపాను, ఎందుకో రాసి.

మధ్యాహ్నం ఇన్ దరఖాస్తు పంపేశాను. పదకొండో ప్రశ్నకు జవాబు "ఉంది."